పెచ్చులు లేని కంకర: టీకా తాత్పర్య సహితం

మూలం: "పెచ్చులు లేని ఇరవై ఎం.ఎం. కంకర రెండు టిప్పర్లు పంపవలెను."

అవతారిక: స్లాబుకు సెంట్రింగ్ కట్టి సిద్ధంగా ఉన్న మేస్త్రి క్రషర్ యజమానిని ఉద్దేశించి పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: పెచ్చులు = మందం చాలని రాతిముక్కలు; లేని = (వివాదాస్పదం, కింద చూడదగును); ఇరవై ఎం.ఎం. = ఇరవై మిల్లీమీటర్ల జల్లెడలో చాలావరకు దిగునట్టి; కంకర = పగలగొట్టిన రాయి; రెండు టిప్పర్లు = స్పష్టము; పంపవలెను = డబ్బు తర్వాత అని భావము.

తాత్పర్యం: పెచ్చులు కాంక్రీటులో వెల్లకిలా పడుకుంటాయి. వాటి అడుగున నీరు చేరి, ఆరాక ఖాళీ మిగులుతుంది. కలపడం కష్టం, సిమెంటు ఎక్కువ తాగుతాయి. రోడ్డు పనిలోనైతే రోలరు కింద విరుగుతాయి. కనుక మేస్త్రి కోరిక న్యాయమైనదే.

విశేషం: మందం చాలకపోవడమంటే ఎంత? ఐ.ఎస్. 2386 మొదటి భాగం (1963) ప్రకారం సగటు పరిమాణంలో అయిదింట మూడు వంతులకు తగ్గితే పెచ్చు. 20 మి.మీ. జల్లెడ దిగి 16 మీద నిలిచిన ముక్కకు సగటు 18, అందులో 0.6 వంతు 10.8. గేజ్‌లో అంత వెడల్పున్న చీలికలోంచి దూరినదల్లా పెచ్చే. దూరినవాటి బరువు మొత్తంలో ఎంత శాతమో అదే ఫ్లేకీనెస్ ఇండెక్స్. ఒక్కో పరిమాణంలో కనీసం 200 ముక్కలుండాలి, 6.3 మి.మీ. కన్నా చిన్నవాటికి ఈ పరీక్ష లేదు. ముక్కను ఎటు తిప్పితే దూరుతుందో అటు తిప్పి చూడాలి. అడ్డంగా పెట్టి దూరలేదనడం క్రషర్ పక్షపాతం.

ఆక్షేపం: జల్లెడ పట్టిన కంకరకు మళ్లీ గేజెందుకు?

సమాధానం: జల్లెడకు తెలిసేది ముక్క వెడల్పే. పలుచని ముక్క నిలువుగానో, చదరపు కన్నంలో మూలగానో జారుకుని ఇరవై ఎం.ఎం. కంకరగా చలామణి అవుతుంది. పొడుగు సంగతీ అంతే. అందుకే పెచ్చులు ఏరేశాక మిగిలినవాటిని పొడుగు గేజ్‌లో పెడతారు. సగటుకు 1.8 రెట్లు, అంటే పై ఉదాహరణలో 32.4 మి.మీ. మించితే దోషమే.

ఇక "లేని" శబ్దం. పెచ్చు ఒక్కటీ లేని కంకర ఏ క్రషరూ ఇవ్వలేదు. జా క్రషర్‌తోనే సరిపెట్టిన చోట పెచ్చులెక్కువ, వి.ఎస్.ఐ. (వర్టికల్ షాఫ్ట్ ఇంపాక్టర్) యంత్రం తిప్పితే తగ్గుతాయి, పోవు. పొరలుగా చీలే రాయైతే మరీ కష్టం. మరి మేస్త్రి అసాధ్యం కోరాడా? కాదు. సంస్కృతంలో లేమిని చెప్పే నఞ్‌కు గల ఆరు అర్థాల్లో అల్పత్వం ఒకటి. "అనుదర" అన్నప్పుడు కన్యకు పొట్టే లేదని ఏ వ్యాకర్తా అనలేదు, సన్నని నడుమనే అన్నారు. కనుక లేని అనగా తక్కువగా గల. ఆ తక్కువకు హద్దు ఐ.ఎస్. 383 (2016) చెప్పింది: పెచ్చుల ఇండెక్సూ, పొడుగు ముక్కల ఇండెక్సూ కలిపి 40 శాతం, ఇంజనీరు ఒప్పుకుంటే కొంత సడలింపు.

ఉదాహరణకు 5,000 గ్రాముల్లో పెచ్చులు 900 తేలితే 18 శాతం. మిగిలిన 4,100లో పొడుగు ముక్కలు 615 అయితే 15. మొత్తం 33. ఆ టిప్పర్లు దించుకోవచ్చు.