ముందు మా బొమ్మ

2011 సెప్టెంబర్ 15న తిరువళ్లూరు పక్కనున్న కాక్కళూరులో తమిళనాడు ముఖ్యమంత్రి ‘అమ్మ’ జయలలిత ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టారు. అయిదేళ్లలో 68 లక్షల మంది విద్యార్థులకు ఇస్తామన్నారు. ల్యాప్‌టాప్ పిల్లవాడిదే. మూత మాత్రం ముఖ్యమంత్రిగారి ఫొటోది. అక్కణ్ణుంచి పూండి అనే ఊరు ఎంతో దూరం కాదు. ఆ చుట్టుపక్కల తెలుగిళ్లలోనూ చదువుకునే బల్లమీదకి అమ్మ వేంచేసింది. ఆ ఇళ్లలో తెలుగు కీబోర్డు కావాలంటే సెట్టింగ్స్‌లో నాలుగు గదులు వెతుక్కోవాలి. అమ్మ ఫొటోకి ఏ సెట్టింగూ అక్కర్లేదు.

పూండివాళ్లకి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదులెండి. 1944 నుంచీ ఊరిదగ్గర సత్యమూర్తి సాగరం ఉంది, నీళ్లు మద్రాసువి. 1996 నుంచి కృష్ణ కూడా వస్తోంది, తాళం అక్కడెక్కడో కండలేరులో. ఊరివాళ్లకి మిగిలింది ఒడ్డు.

అమ్మ మూతెక్కి కూర్చున్నారు. 2013లో ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ పంచిన హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో తండ్రీకొడుకులు తెరలోకే దూరారు. స్విచ్ వెయ్యగానే ములాయం, అఖిలేశ్. విండోస్‌ వంతు ఆ తరవాతే. ఆ బొమ్మల జోలికెళ్తే మిషనే మొరాయిస్తుందని అప్పట్లో పత్రికలు రాశాయి. దర్శనం కానిదే పుస్తకం తెరవనివ్వని చదువన్నమాట! మనవాళ్లేం తక్కువ తిన్నారా? 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ రోజు పుట్టినరోజు పిల్లలది కాదు, జగన్‌మోహన్ రెడ్డిగారిది.

ఎన్నికలొస్తే మాత్రం ఎన్నికల సంఘం కదులుతుంది. 2012లో ఉత్తరప్రదేశ్‌లో మాయావతి విగ్రహాలకీ ఏనుగులకీ ముసుగులు వేయించింది. ఈ దేశంలో వాల్‌పేపర్ మార్చే అధికారం ఉన్న యూజర్ అకౌంట్ అదొక్కటే.

నాయకుల్ని ఒక్కళ్లనే అనడం అన్యాయం. కంపెనీలు ఓట్లు కూడా అడక్కుండానే ఈ పని చేస్తాయి. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ పీకేసింది. జనం గోల పెడితే మరుసటి ఏడు తిరిగిచ్చారు, అదీ వరమిచ్చినట్టు. నొక్కితే వచ్చేది మళ్లీ ఆ పలకల తెరే. 2021లో విండోస్ 11 టాస్క్‌బార్‌ని అడుగున పాతేసింది. పక్కకి జరుపుకుంటామంటే కుదరదంది. 2024కి స్టార్ట్ మెనూలోకే ప్రకటనలు వచ్చాయి. వాటికి పెట్టిన ముద్దుపేరు ‘సిఫార్సులు’. మన ఆఫీసుల్లో సిఫార్సు అంటే ఏమిటో వాళ్లకెవరు చెప్పారో గాని, సరిగ్గానే పెట్టారు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లయినా మేలా? 2011లో ఉబుంటు తన లాంచర్‌ని ఎడమ అంచుకి మేకులు కొట్టి బిగించింది. కాస్త కిందికి దించండి బాబూ అని వాడేవాళ్లు మొత్తుకుంటే, మా డిజైన్‌కి నప్పదన్నారు. దించుకోనిచ్చేసరికి 2016 వచ్చింది. ఈలోగా మన ఫైళ్లు వెతుక్కునే చోట అమెజాన్ సరుకులు కూడా చూపించారు.

తమిళనాడు ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కన బాస్ లినక్స్ కూడా ఉండేది. చెన్నైలో ప్రభుత్వ సంస్థ సి-డాక్ చేసిన సరుకు. మెనూ ఎక్కడుండాలో, లేవగానే ఏ ప్రోగ్రామ్ నడవాలో అందులో వాడేవాడే తేల్చుకోవచ్చు. అందుకే కాబోలు, చాలామంది దాని మొహం చూడలేదు. మన ఇష్టానికి వదిలేసిన ఉచితాన్ని మనం అంత తేలిగ్గా నమ్మం.

ఇక స్విచ్ వేశాక వచ్చే పిలవని పేరంటం సంగతి. చాట్‌లు, పాటలు, గడువు తీరిన యాంటీవైరస్, ఎప్పుడో ఒక్కసారి వాడిన ప్రింటర్ తాలూకు చుట్టాలు, అందరూ మనకన్నా ముందే లేచి మెమరీలో పీటలేసుకుంటారు. మనకి దొరికేది గుండ్రంగా తిరిగే చక్రం. పైగా దీన్ని ‘మీ’ కంప్యూటర్ అంటారు, రంగులు మార్చుకోమంటారు. రంగులదేముంది, ఎన్నయినా మార్చుకోవచ్చు.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అని ఒక జాబితా ఉంటుంది. ఎవరెవరు ఎక్కి కూర్చున్నారో అక్కడ దొరికిపోతారు. ఉచిత పథకాల దాతలకు ఒకటే విన్నపం: వచ్చే విడతలో తమ బొమ్మ మూతమీద వద్దు, స్విచ్ వెయ్యగానే లేచే బయోస్‌లో అసలే వద్దు. ఈ జాబితాలో పెట్టించండి. ఇక్కడైతే కుడిక్లిక్ చేస్తే ‘డిసేబుల్’ అని వస్తుంది.