మాస్టర్ సిలిండర్ నిర్ణయం: టీకా తాత్పర్య సహితం

మూలం

పాత బండి కింద పళ్లెంబు లమరించి
పాత కుప్పె నుంచి పాద మొత్త
నాగుమన్న చోట నాగదు పైపెచ్చు
కట్ట మీద నుండి కారు జారు

టీక

పాత బండి = అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం. 2014లో తయారీ ఆగినా రోడ్డు మీద ఆయువు తీరనిది. పళ్లెంబులు = పాత డ్రమ్ము బ్రేకుల బదులు బిగించే డిస్కులు; ముందు చక్రాలకే అని సంప్రదాయం. కుప్పె = పెడల్ నొక్కితే బ్రేకులకు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్; ఎల్లారెడ్డి షెడ్లలో ఉత్త ‘మాస్టర్’ అంటే చాలు. ఆగుమన్న చోట = గొర్రెల మంద అడ్డమొచ్చిన చోట. కట్ట = నిజాంసాగర్ కట్ట. మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి నడుమ 1923లో మొదలై 1931లో ముగిసింది. దాని మీది దారి వెడల్పు 14 అడుగులు, అంబాసిడర్‌ది సుమారు ఐదున్నర. ఎదురుగా మరో అంబాసిడర్ వస్తే మిగిలేది మూడడుగులు. కవి ‘జారు’ అని ఊరికే అనలేదు.

పూర్వపక్షం

“అన్నా, మాస్టర్ మంచిగనే ఉంది, గదే ఉంచుకో” అని ఒకరు. “పెద్దది ఎయ్యి, బ్రేకు పెద్దగ పడతది” అని వేరొకరు.

సిద్ధాంతం

మొదటి మతం చెల్లదు. డ్రమ్ములో తిరిగే డ్రమ్మే బ్రేక్ షూను లోనికి లాక్కుని పట్టు పెంచుతుంది. డిస్కుకు ఆ ఉపకారం లేదు. పట్టంతా ఆయిల్ ప్రెషరే ఇవ్వాలి. పైగా డ్రమ్ముల మాస్టర్లలో కొన్నిటికి లైనులో 10 పీఎస్ఐ దాకా నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. అది ఉన్నచోట డిస్కు ప్యాడ్లు వదలక రాసుకుని, కామారెడ్డి చేరేసరికి చక్రం కాలుతుంది. మాస్టర్ బండి నేల కింద, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ కన్నా దిగువన ఉన్న బండ్లకు మాత్రం ఆయిల్ వెనక్కి జారకుండా 2 పీఎస్ఐ వాల్వు కావాలి. ఈ తేడా తెలియక వాల్వును పీకి పారేసేవారిని భాష్యకారుడు క్షమించడు.

రెండో మతం మరీ అపాయం. పాస్కల్ మహర్షి (1623–1662) చెప్పినట్టు, బలాన్ని వైశాల్యంతో భాగించాలి. మాస్టర్‌ను తోసే రాడ్డు మీద 300 పౌండ్లు పడితే అంగుళం బోరులో (లోపలి వ్యాసంలో) 382 పీఎస్ఐ, ముప్పావు అంగుళంలో 679. పెద్దదానితో ప్రెషర్ తగ్గి పెడల్ రాయిలా బిగుస్తుంది. (మహర్షి పుట్టిన 300 ఏళ్లకు ఈ కట్ట పని మొదలైంది, ఇలాంటివి వ్యాఖ్యాతలు వదులుకోరు.) అయితే చిన్న బోరు ప్రతి తోపుకూ తక్కువ ఆయిలే పంపుతుంది. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే పెడల్ నేలకంటుతుంది. కనుక ముందు కాలిపర్ పిస్టన్ వ్యాసం కొలిచి, దాన్ని బట్టి బోరు. అప్పటికీ కాలు నొస్తే బూస్టర్. ఒక పైపు పగిలినా రెండు చక్రాలైనా ఆగాలంటే రెండు గదుల మాస్టర్.

తాత్పర్యం

దుకాణంలో ఉన్నది కాక, కాలిపర్ అడిగింది కొనవలెనని భావం.

పాఠాంతరం

మెకానిక్ ప్రతిలో నాలుగో పాదం ‘కల్లు తాగి యుండి కారు జారు’ అని ఉంది. యతి చెడలేదు.