లోతులోని నాణేలు కావాలంటే మిషన్ బలం తగ్గించండి

ఫ్లోరిడాలో సెబాస్టియన్ తీరానికి మెటల్ డిటెక్టర్ పట్టుకెళ్ళే మన తెలుగువాళ్ళకి ఈ సలహాలు తలకిందులుగా కనిపిస్తాయి. కనిపించనివ్వండి.

1715 జూలై 31న తుఫానులో 11 స్పెయిన్ ఓడలు మునిగింది ఆ తీరంలోనే. వాటి వెండి రియాల్ నాణేలు ఇప్పటికీ ఇసుకలో బయటపడుతున్నాయి. గత శతాబ్దం మధ్యలో కిప్ వాగ్నర్ అనే ఆయన సైన్యం అమ్మేసిన పాత డిటెక్టర్‌తోనే ఆ ఓడల జాడ పట్టాడు. అంకెలు చూపే తెర ఆయనకి లేదు. మీకూ అక్కర్లేదు.

ముందు సెన్సిటివిటీ తగ్గించండి. కొత్తవాళ్ళు దాన్ని చివరిదాకా పెంచి మురిసిపోతారు. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది. అందుకే తడి ఇసుక మొత్తం మిషన్‌కి ఒక పెద్ద లోహపు ముద్దలా తోస్తుంది. ఇక చిటపటలు, కూతలు. అడుగు లోతున ఉన్న నాణెం చేసే సన్నని చప్పుడు ఆ గోలలో వినపడదు. కాయిల్ని ఇసుకకి దగ్గరగా మెల్లగా ఊపుతూ, మిషన్ నోరు మూసుకునేదాకా ఒక్కో మెట్టూ దించండి. అంకె సగానికి పడిపోయినా సరే, దిగులు పడకండి.

పొడి ఇసుక మీద చేసిన గ్రౌండ్ బ్యాలెన్స్ తడి ఇసుకకి పనికిరాదు. నీటి అంచుకి దిగాక, కింద లోహమేదీ లేని చోట కాయిల్ని పైకీ కిందికీ ఆడించి మళ్ళీ చేసుకోండి. మల్టీ ఫ్రీక్వెన్సీ ఉంటే బీచ్ మోడ్‌లో పెట్టండి. రికవరీ స్పీడ్ తగ్గించండి, మీ నడకా తగ్గించండి. పెద్ద కాయిల్‌కి డబ్బు తగలేయొద్దు. అది లోతుతో పాటు ఉప్పునీ ఎక్కువే వింటుంది.

ఇది వింటే చాలామంది కోప్పడతారు: చెత్త లోహాలని వడగట్టే డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసేయండి, తెర మీద బట్ట కప్పండి. లోతు పెరిగేకొద్దీ తెర మీద నాణేనికి చూపే అంకె నిలవదు, ఒక్కోసారి ఇనుము దాకా జారిపోతుంది. ఆ అంకెని నమ్మి వదిలేసినవాళ్ళ కాళ్ళ కిందే వెండి ఉండిపోతుంది. కాబట్టి ఇనుము అన్నదాన్నీ తవ్వండి. సీసా మూతలే వస్తాయి, రానివ్వండి. జేబులో వేసుకుని చెత్తబుట్టలో పడేస్తే తీరమైనా బాగుపడుతుంది. ఎప్పుడైనా తుప్పు పట్టిన ఓడ మేకు తగిలితే మాత్రం అక్కడి నుంచి కదలకండి. అలలు బరువైనవాటిని తరచూ ఒకచోటికే చేరుస్తాయి.

అన్నిటికన్నా పెద్ద సెట్టింగు మిషన్‌లో లేదు. వెండి సాంద్రత 10.5, ఇసుకది 2.65. అలలు కదిపినప్పుడల్లా నాణెం కిందికే దిగుతుంది, గట్టి పొర తగిలేదాకా ఆగదు. ఏ మిషనూ అంత లోతు చూడలేదు. అందుకని ఎండ కాసే ఆదివారం ఇంట్లో పడుకోండి. చలికాలంలో ఈశాన్య గాలులు పైఇసుకని కోసుకుపోయాక, సముద్రం శాంతించగానే, ఆటు వేళకి వెళ్ళండి. 2020లో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ తీరంలో బంగారు రేణువుల కోసం వంగి వెతికిన జనానికి ఈ సంగతి మిషన్లు లేకుండానే తెలుసు.

మార్చి నుంచి అక్టోబరు దాకా ఆ తీరంలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఇసుక దిబ్బల జోలికి పోవద్దు. నీటి అడుగున ఉన్న ఓడ శిథిలాలని అనుమతి లేకుండా తవ్వడం నేరం. తీరంలో ఎక్కడ వెతకనిస్తారో, దొరికింది ఎవరికి చెప్పాలో బయల్దేరేముందే స్థానిక అధికారులని అడగండి. తవ్విన ప్రతి గుంటా పూడ్చండి.

ఒక్కమాట. సముద్రంలో మూడు వందల ఏళ్ళున్న వెండి మెరవదు. నల్లగా, వంకరగా, పెంకు ముక్కలా ఉంటుంది. అలాంటిది చేతికొస్తే చెత్త అనుకుని విసిరేయకండి. రుద్ది శుభ్రం చేయడానికీ చూడకండి.