ఎర్రకారమూ కూరగాయే

జమ్మలమడుగోళ్లం ప్రొద్దుటూరికి రెండు పనుల మీద పోతాం. ఒకటి బంగారు కొనడానికి, రెండోది బీపీ చూపించుకోవడానికి. మొదటి పనికి ధర దాటిపోయింది గనక ఈ మధ్య రెండో పని మీదే బస్సెక్కుతున్నాను. పోయిన నెల డాక్టరుగారు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి, నా మొహం చూసి, మళ్లీ అంకె చూశారు. "కూరగాయలు తింటారా?" అన్నారు. "తింటాం సార్, పప్పులో టమాటా వేస్తాం" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. కాగితం మీద 400 గ్రాములు అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి, కింద 'రోజుకు' అని గీత గీశారు.

ఆ అంకె ఆయన సొంతం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయులకు 17 ఆహార నియమాలు ప్రకటించింది. రెండు వేల క్యాలరీల పళ్లెంలో ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ధాన్యం 250 గ్రాములు ఉండాలని అందులో లెక్క. రోజంతటికీ ధాన్యం పావు కిలోనట. మా వైపు సంగటి ముద్దను ఒక్కసారి కంటితో చూసినవాళ్లెవరూ ఆ మాట రాయరు.

నేను పథ్యం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. మా ప్రాంతానికి శంకుస్థాపనలు కొత్త కాదు. జమ్మలమడుగు పక్కన ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక రాయి వేశారు, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో మరొకటి. వాళ్లకు నాలుగైనప్పుడు నాకు మూడుతో ఆగడం మర్యాద కాదు. ప్రొద్దుటూరులో తిరుగు బస్సెక్కేముందే ఒక చిన్న కాటా కొన్నాను, గ్రాముతో సహా చూపించేది.

మొదటి రోజు పొద్దున దోసె. అందులో కూరగాయ లేదు. మధ్యాహ్నం పప్పులోంచి టమాటా ముక్కలు ఏరి, కడిగి తూస్తే 34 గ్రాములు. మజ్జిగన్నంలోకి కొరుక్కున్న ఎర్రగడ్డ 20. కరివేపాకు 2 గ్రాములు తూగింది గానీ, తూచిన వెంటనే అలవాటు కొద్దీ తీసి పళ్లెం అంచుకు పెట్టేశాను. అన్నీ కలిపి 54. బడి మధ్యాహ్న భోజన నిబంధనల్లో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 50 గ్రాముల కూరగాయలు, ఆరు నుంచి ఎనిమిది చదివేవాళ్లకు 75 గ్రాములు అని ఉంది. అంటే నేను అయిదో తరగతి పాసయ్యాను, ఆరులోకి ఇంకా పోలేదు.

మా మామ ఆ రోజే దిగాడు. ఈయన పులివెందుల మనిషి. చీనీ తోట ఉంది, మూడు పూటలా తినే ఓపిక ఉంది, ఏ విషయం మీదైనా తీర్పు చెప్పే అధికారం పుట్టుకతోనే ఉంది. కాటా మీద టమాటా ముక్కలు చూసి, "ఏందల్లుడా, ప్రొద్దుటూరు సేటు మాదిరి కూచున్నావు?" అన్నాడు. విషయం చెప్పాను. "నాలుగొందలేనా?" అని నవ్వి, పక్కన కూచుని, నా లెక్కల పుస్తకం లాక్కున్నాడు.

"దోసె మీద ఎర్రకారం పూసుకున్యావా?"

"పూసుకున్నాను."

"మిరపకాయ చెట్టుకు కాస్తాదా, ఫ్యాక్టరీలో కాస్తాదా?"

"చెట్టుకే."

"అందులో ఎర్రగడ్డ నూరుతారా లేదా? తెల్లగడ్డ నూరుతారా లేదా? మరి యాడ బోయిందా లెక్క?"

కడప కారం దోసె తినేవాళ్లకు ఈ వాదనలో బలం తెలుసు. ఎర్రకారంలో ఉన్నవన్నీ నేలలోంచి వచ్చినవే, ఉప్పుతో సహా. మామ అక్కడితో ఆగలేదు. ఊరగాయ కూడా కాయే అన్నాడు, పేరులోనే ఉంది కదా అన్నాడు. ఉర్లగడ్డ వేపుడు రాసుకో అన్నాడు. ఇక్కడ నేను అడ్డం పడ్డాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 400 గ్రాముల్లో ఉర్లగడ్డ, కర్రపెండలం లాంటి పిండి దుంపలను కలపరు. ఈ మాట చెప్పగానే మామ మొహం మాడింది. "మరి దాన్ని కూరగాయల అంగట్లో యెందుకు అమ్ముతాండారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆఖరికి ఆదివారం మేక కూర దగ్గర తన తుది వాదన వినిపించాడు. "మేక ఏం తింటాది? ఆకు. మనమేం తింటాం? మేకను. మధ్యలో మళ్లీ నువ్వు వేరే ఆకు తినేదెందుకు?"

నవ్వకండి. ఈ తర్కం మా మామ ఒక్కడిదే అయితే నవ్వొచ్చు. 2011లో అమెరికా ప్రభుత్వం బడి భోజనాల్లో పిజ్జా మీది టమాటా ముద్దకు ఇచ్చే కూరగాయ మార్కులు తగ్గించాలని చూస్తే, అక్కడి పార్లమెంటు ఒప్పుకోలేదు. రెండు చెంచాల ముద్దను అరకప్పు కూరగాయలుగా లెక్కేసే పాత పద్ధతే నిలిచింది. వాషింగ్టన్‌లో పిజ్జా పూత కూరగాయ అయినప్పుడు పులివెందులలో ఎర్రకారం ఎందుకు కాకూడదు? మామకు ఒక్క పార్లమెంటు సీటు తక్కువైంది, అంతే.

మూడో రోజు పొద్దున ఉగ్గాణి, బజ్జీ. ఉగ్గాణిలో టమాటా, ఎర్రగడ్డ, పచ్చిమిరప ఉంటాయి గనక కాస్త ధైర్యం వచ్చింది. బజ్జీకి శెనగపిండి చొక్కా విప్పి లోపలి మిరపకాయను తూచాను. చొక్కా బరువే ఎక్కువ. నాలుగో రోజు పెళ్లికి పోతే గోబీ మంచూరియా వడ్డించారు. లోపల పువ్వుగోబీ ఉన్నట్టు పెళ్లివారు నమ్ముతున్నారు, వాళ్ల నమ్మకాన్ని నేను కాదనలేను.

అసలు చిక్కు సాయంత్రం అయిదు గంటలకు. కాలు దానంతటదే వీధి చివరి అంగడికి పోతుంది. అంగడి ముందు తోరణాల మాదిరి వేలాడే ప్యాకెట్లు చూస్తే దసరాకు ముస్తాబైన ప్రొద్దుటూరు గుర్తొస్తుంది. ఒక్కో తోరణం మీద ఎన్ని కూరగాయలో! ఒకదాని మీద నిగనిగలాడే టమాటా, ఇంకోదాని మీద పుదీనా కొమ్మ, మరోదాని మీద పచ్చిమిరపకాయ, నిమ్మచెక్క. మా ఊరి సంతలో కూడా అంత తాజా సరుకు దొరకదు. కాటా మీద పెట్టి చూశాను. బొమ్మలో కూరగాయ తూగదు.

ఆ పది రూపాయల కారప్పూస ప్యాకెట్ బరువు మాత్రం నలభై గ్రాముల లోపే. కిలో లెక్కన రెండు వందల యాభై పైమాట. లోపలున్నది ముఖ్యంగా శెనగపిండి. శెనగ ఎక్కడిది? జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి పొలాల్లో దీపావళి అటూ ఇటూగా విత్తే బుడ్డశెనగ ఎవరికి తెలియదు? 2025లో కోసిన రబీ పంటకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలు 5,650 రూపాయలు, అంటే కిలో యాభై ఆరున్నర. ఆ ధర దక్కిందా లేదా అని రైతును అడక్కండి, పొద్దున్నే తిట్లు తినడం బీపీకి మంచిది కాదు. శెనగ ఊరు దాటి పోతుంది, పప్పై, పిండై, నూనెలో మునిగి, ఉప్పు పూసుకుని, గాలి నింపిన సంచిలో కూచుని కాలేజీకి పోయొచ్చిన అల్లుడి మాదిరి నాలుగు రెట్ల రేటుతో తిరిగొస్తుంది. మనం కట్నమిచ్చి లోపలికి పిలుస్తాం. మామ చీనీకాయలదీ అదే దారి. కాయలు లారీలెక్కి ఉత్తరాదికి పోతాయి. మామ ఇంట్లో చుట్టాలకిచ్చేది సీసాలో నారింజ రంగు నీళ్లు.

ఇది మా ఇద్దరి జబ్బే అనుకుంటే కేంద్ర గణాంక శాఖ ఓదార్చింది. 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెల్లో నెల ఖర్చులో కూరగాయలకు పోయేది 6.03 శాతం. పానీయాలు, చిరుతిళ్లు, ప్రాసెస్ చేసిన ఆహారానికి పోయేది 9.84 శాతం. పట్నాల్లో కూరగాయలకు 4.12, ప్యాకెట్ల ఖాతాకు 11.09. దేశం మొత్తం సాయంత్రం అయిదింటికి వీధి చివరి అంగట్లోనే ఉంది. ఆ ఖాతాలో హోటలు టీ, వండిన భోజనం కూడా ఉంటాయి గనక అంతా ప్యాకెట్ల పాపమే అనను. అయినా కూరగాయలకంటే ముందుంది.

ఆరోగ్యం కోసం రాగి బిస్కెట్లకు మారాను. సంగటి తిన్న వంశం కదా, రాగి పేరు చూస్తే గుండె కరుగుతుంది. వెనక వైపు చిన్నక్షరాలు చదవడానికి మా ఆవిడ కళ్లద్దాలు కూడా తెచ్చుకున్నాను. చట్టం ప్రకారం ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలి. ముందున్న పేరు మైదా. తర్వాత చక్కెర. తర్వాత నూనె. రాగి వెనక బెంచీలో కూచుంది, పేరుకు మాత్రం తరగతి లీడరు.

ఈ చిన్నక్షరాలు మనకు అర్థం కావని ఆహార భద్రత సంస్థ 2022 సెప్టెంబరులో ఒక ముసాయిదా తెచ్చింది. సినిమాలకు ఇచ్చినట్టు ప్యాకెట్లకు స్టార్లు ఇద్దామంది, అర స్టారు నుంచి అయిదు దాకా. ఎంత ఉప్పు, ఎంత చక్కెర ఉన్నా అర స్టారుకు ఢోకా లేదు. తెల్లకాగితం ఇచ్చినవాడికీ మార్కు వేసే మేష్టారు మా చిన్నప్పుడు దొరకలేదు. చక్కెర నీళ్ల డబ్బా మీద ఓఆర్ఎస్ అనే మూడక్షరాలు తీయించడానికి హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో ఉత్తర్వులొచ్చాయి. మూడక్షరాలకు ఎనిమిదేళ్లంటే, మిగిలిన ప్యాకెట్ చదవడానికి ఎన్ని తరాలు పడుతుందో త్రైరాశికం వేసుకోండి.

సర్కారు చేయి కూడా ఖాళీగా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి మిక్చరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, బిస్కెట్ల మీద 18 నుంచి 5కు దిగింది. మా వీధి అంగడాయన ఆ రోజు పండగ చేసుకున్నాడు. కూరగాయల మీద మొదటి నుంచీ పన్ను లేదు. లేని పన్ను తగ్గించడం కుదరదు గనక వంకాయకు ఆ రోజు పత్రికల్లో ఫొటో రాలేదు.

ఇదంతా చూస్తే మా అవ్వ నవ్వేది. ఆమె కాలంలో కూరగాయలు కొనడమనేది పెద్దగా లేదు. జొన్నచేనికి పోయి వస్తూ కొంగులో గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు గిల్లుకొచ్చేది. కంది బేడలతో ఉడకేసి, ఎనిపి, సంగటిలోకి పెట్టేది. వరికూడు పండగకే. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక రోజూ పండగే అయింది, సంగటి గోళం అటకెక్కింది. అది తప్పని నేననను, ఆకలికి బియ్యం దొరకడం చిన్న సంగతి కాదు. సంగటితో పాటు పక్కనున్న ఆకు కూడా ఎందుకు పోయిందన్నదే నా అనుమానం. సంగటి ఇప్పుడు హోటల్లో నాటుకోడి పక్కన దర్జాగా తిరిగొచ్చింది. గురుగాకు రాలేదు.

ఆరో రోజు తెల్లారి సంతకు పోయి, తట్టలో ఆకుకూరలు పెట్టుకుని కూచున్న ఒక పెద్దావిడను అడిగాను. "అవ్వా, గురుగాకు ఉందా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఆ ఆకు ఇప్పుడు యాడుంది నాయనా? చేన్ల నిండా కలుపు మందు కొడతాండారు గదా. దాన్ని కలుపంటారు ఇప్పుడు."

మా అవ్వ కూరాకు పేరు మారిపోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. తోటకూర రెండు కట్టలు, గోంగూర ఒక కట్ట, అలసంద కాయలు అరకిలో తీసుకున్నాను. మొత్తం కలిపితే నా వారం ప్యాకెట్ల ఖర్చులో సగం కాలేదు. బేరం చేయబోయి, నిన్న అంగట్లో బేరం చేయలేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఏడో రోజు మధ్యాహ్నం తోటకూర పప్పు, అలసంద కాయల తాళింపు. రాత్రి గోంగూర. మామ రెండోసారి వడ్డించుకుని, ఆ సంగతి ఎవరూ చూడలేదనుకున్నాడు. తర్వాత నా పుస్తకం తీసుకుని కూడికలు సరిచూశాడు. ఆ రోజు నా వాటాకు 236 గ్రాములు వచ్చింది. మామ కలం తీసి, ఎర్రకారం 20 కలిపి, 256 అని రాశాడు.

ఆయన పడుకున్నాక కొట్టేశాను.