వెయిటింగ్ లిస్టు 87తో పండక్కి వెళ్లడం ఎలా?

ముందుగా నవంబరు రెండో వారంలో ఓ పొద్దున ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60కి తగ్గించారు కాబట్టి సంక్రాంతి బెంగ ఇప్పుడు రెండు నెలలు ఆలస్యంగా మొదలవుతోంది. పేర్లు, వయసులు కొట్టి డబ్బు కట్టేసరికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో మీది వెయిటింగ్ లిస్టు 87. శుభం. కన్ఫర్మ్ అయినవాడికి ఇక ఎదురుచూడ్డానికేముంది, పాపం!

అమ్మ ఫోన్ చేసి "వస్తున్నారా?" అంటుంది. అవుననొద్దు, కాదనొద్దు. అరిసెలకి బియ్యం నానబొయ్యనా అనడిగితే మాత్రం పొయ్యమనండి. టికెట్టుతో దానికి పనిలేదు.

పీఎన్ఆర్ గంటగంటకీ చూడొద్దని నేను చెప్పను, ఎలాగూ చూస్తారు. ఎవరో ఒకరు ప్రయాణం మానుకోవాలని దండం పెట్టుకోవడంలో తప్పులేదు. వాళ్లకి జబ్బు మాత్రం చెయ్యకూడదని కలుపుకుంటే చాలు.

తత్కాల్ ముందురోజు పదింటికి ఏసీకి, పదకొండింటికి స్లీపర్‌కి తెరుస్తారు. చార్టు పడేది ఆ తర్వాతే. అంటే ఈ టికెట్టు పోయిందని తేలేసరికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. ఈ వరస పెట్టినవాడెవడో మహాజ్ఞాని! ఇదివరకు బండి కదలడానికి 4 గంటల ముందు వేసే చార్టుని 2025లో బాగా ముందుకు జరిపారు. మనం ఆశపడే గంటల్లో అంత కోతపడినా ఒక్కరూ ధర్నా చెయ్యలేదు.

అదృష్టం సగం పండితే ఆర్‌ఏసీ. సైడ్ లోయర్ ఒకటి, మనుషులిద్దరు. ఎదురెదురుగా కూర్చుంటే సీట్లు, వీపు పలకలు దించితే బెర్తు, మధ్యలో సరిగ్గా నడుముకి తగిలే సందు. మీది ఎంత విశాల హృదయమో వరంగల్ దాటాక, అవతలాయన పాదాలు మీ ఒళ్లోకొచ్చినప్పుడు తెలుస్తుంది. అందుకే పేరుకన్నా ముందు ఎక్కడ దిగుతారో అడగండి. బెజవాడ అంటే దేవుడున్నాడు. కాకినాడ అంటే పులిహోర డబ్బా మూత తియ్యండి, తెల్లారేదాకా ఆయనే మీకు చుట్టం.

తిరుగు టికెట్టు కూడా వెయిటింగేనా? కనుమ నాడు కాకి కూడా కదలదని మేనేజరుకి మెసేజ్ పెట్టండి. ఆయన తెలుగాయనైతే సరే. కాకపోతే లీవు కూడా వెయిటింగ్ లిస్టులోనే.