ఒంటికాయ శొంఠికొమ్ము సముద్రయానం

ఏకాకి నౌకాయానం అంటే ముప్పై అడుగులకు అటూ ఇటూగా ఉండే తెరచాప పడవలో మనిషి ఒక్కడే ఎక్కి, దానికి తానే సరంగుగా, తానే కళాసీగా, తానే వంటవాడుగా ఉంటూ దీవి నుంచి దీవికి తిరగడం. కోస్తా రేవుల్లో సరంగు అంటే ఆజ్ఞాపించేవాడు, కళాసీ అంటే ఆ ఆజ్ఞను తిట్లతో సహా శిరసావహించేవాడు. ఈ ఇద్దరూ వేర్వేరు శరీరాల్లో ఉన్నంతకాలం ప్రయాణం సజావుగానే సాగుతుంది. ఏకాకి పడవలో ఇద్దరూ ఒకే చొక్కాలో ఇరుక్కుని ఉండటం వల్ల, లంగరు పట్టు తప్పిన రాత్రి తిట్టేదెవరో పడేదెవరో తేలక, నేరం చివరకు గాలి మీదికి పోతుంది.

ఈ వ్యాపకానికి అనువైన చోట్లలో బహామా దేశపు ఎక్సూమా దీవులను ముందుగా చెప్పుకోవాలి. రాజధాని నాసావుకు ఆగ్నేయంగా సుమారు 35 మైళ్ళ దూరంలో మొదలై, దాదాపు 120 మైళ్ళ పొడవున ఒకదాని వెనుక ఒకటిగా బారులు తీరిన ఈ దీవులను స్వయంగా లెక్కపెట్టినవారి కంటే, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని ఉన్నాయని చెప్పి చేతులు దులుపుకున్నవారే ఎక్కువ. గోదావరి పాయల నడుమ ఉన్న నేలను కోనసీమవారు లంక అన్నట్టే, ఇక్కడివారు చిన్న దీవిని ‘కీ’ అంటారు. వరుసకు పడమట గ్రేట్ బహామా బ్యాంకు, అనగా చాలాచోట్ల రెండు మూడు నిలువుల లోతుకు మించని సున్నపు ఇసుక మైదానం, పరచుకుని ఉండగా, తూర్పున కిలోమీటరుకు పైగా లోతున్న ఎక్సూమా సౌండ్ నోరు తెరుచుకుని ఉంటుంది. ఈతకు మించిన లోతు లేదన్న పెద్దలు పడమటి వైపు మాత్రమే చూసి ఉండాలి.

పడమటి వైపు లోతు లేకపోవడమే పడవకు గండం. అక్కడ పటం కంటే నీటి రంగును నమ్మడం మేలని అందరూ అంగీకరిస్తారు: నీలం కనిపిస్తే లోతు, లేత ఆకుపచ్చ కనిపిస్తే ఇసుక మీద తక్కువ నీరు, తెల్లగా కనిపిస్తే దిగి తోయవలసిన స్థితి, గోధుమరంగు కనిపిస్తే పగడపు దిబ్బ. ఈ రంగులు తెలియాలంటే సూర్యుడు నడినెత్తిన గాని వీపు వెనుక గాని ఉండాలి, చూసే మనిషి పడవ మూతి దగ్గర నిలబడాలి, చుక్కాని పట్టే మనిషి వెనుక కూర్చోవాలి. మనిషి ఒక్కడే అయినప్పుడు ముందుకు పోతే చుక్కాని అనాథ అవుతుంది, వెనుక కూర్చుంటే దిబ్బ కనిపించదు. కనుక ఏకాకి నావికుడు ఈ రెండింటి మధ్య పరుగులు తీస్తూ, పడవ పొడవును రోజుకు ఎన్నిసార్లు కొలుస్తాడో అన్ని మైళ్ళు కూడా ప్రయాణించడు.

ఏకాకి నౌకాయానానికి మూలపురుషుడు జాషువా స్లోకం. 1895లో బోస్టన్ నుంచి 37 అడుగులైనా నిండని ‘స్ప్రే’ అనే పడవలో బయలుదేరి, 1898లో తిరిగివచ్చి, ఒంటరిగా భూగోళాన్ని చుట్టిన మొదటి మనిషిగా పేరు పొందిన ఈయనకు ఈత రాదు. ఆజోర్స్ దీవుల్లో కానుకగా వచ్చిన ప్లమ్ పండ్లూ తెల్లని జున్నూ కలిపి తిని, కడుపునొప్పితో గదిలో పడి దొర్లుతూ బయటికి చూడగా, కొలంబస్ ఓడల్లో ఒకటైన ‘పింటా’ సరంగు చుక్కాని పట్టుకుని నిలబడి కనిపించాడనీ, తెల్లవారి చూస్తే పడవ దారి తప్పలేదనీ ఆయనే రాసుకున్నాడు. ఎంత ఏకాంతం కోరి పోయినవాడైనా అజీర్ణం చేసిన రాత్రి ఒక కళాసీని కల్పించుకోక తప్పలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. వాయుపుత్రుడి సముద్ర లంఘనం అంతకంటే ప్రాచీనమైనదీ ఒంటరిదీ అయినా, ఎక్కడా లంగరు వేయవలసిన అవసరం రాలేదు గనుక దానిని ఈ శాస్త్రంలో ఉదాహరణగా స్వీకరించడం కుదరదు.

చట్టం దృష్టిలోనూ ఏకాకి పరిస్థితి అంతంతమాత్రమే. ఓడలు ఒకదానినొకటి గుద్దుకోకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నిబంధనల్లో ఐదవది, ప్రతి నౌకలోనూ అన్నివేళలా కళ్ళతోనూ చెవులతోనూ కాపలా కాయాలని శాసిస్తుంది. నిద్రపోయే మనిషి ఈ రెండింటినీ మూసుకుంటాడు. ఇక లంగరు వేశాక నీటి అడుగును చూడటానికి చేసే స్నార్కెలింగ్‌కు మొదటి నియమం ఒంటరిగా నీళ్ళలోకి దిగవద్దన్నది. అంటే ఒంటరిగా పడవ నడిపి, లంగరు వేసి, ఒంటరిగా నీట మునిగేవాడు పూటకు రెండు శాస్త్రాలను ఉల్లంఘిస్తున్నాడన్నమాట. పట్టుకునేవాడు కనుచూపు మేరలో లేకపోవడమే అతడి ధైర్యం, భయం కూడా అదే.

స్నార్కెలింగ్ అంటే కళ్ళకూ ముక్కుకూ కలిపి అద్దపు తొడుగు బిగించి, నోట కరిచిన వంపు గొట్టంతో పైగాలి పీలుస్తూ, ముఖం నీటిలో ముంచి బోర్లా తేలడం. గొట్టం జానెడున్నర దాటి పెద్దగా పొడవు ఉండకపోవడానికి కారణం పిసినారితనం కాదు, నీటి ఒత్తిడి ఛాతీని నొక్కుతుండగా లోతునుంచి పైగాలిని లాగడం ఊపిరితిత్తులకు సాధ్యం కాకపోవడం. అద్దం అవసరం వేరు. కార్నియా అనే కంటి ముందుపొర గాలికీ తనకూ ఉన్న తేడాను ఆసరా చేసుకుని వెలుతురును వంచుతుంది. నీటిలో ఆ తేడా దాదాపుగా పోయి లోకం పెసరకట్టులా మసకబారుతుంది. కంటికీ నీటికీ మధ్య ఇంత గాలి నిలిపితే చూపు తిరిగి వస్తుంది గానీ, నీటినుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగడం వల్ల ప్రతి వస్తువూ దాని అసలు పరిమాణం కంటే మూడోవంతు పెద్దదిగా కనిపిస్తుంది. చేపల గురించి చెప్పే గొప్పల్లో మూడోవంతుకు భౌతికశాస్త్రం బాధ్యత వహిస్తుంది, మిగిలినదానికి చెప్పేవాడే జవాబుదారీ.

తొడుగు విషయంలో తెలుగు పురుషుడికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. రబ్బరు అంచు చర్మానికి నేరుగా అతుక్కుంటేనే నీరు లోపలికి రాదు; అంచు కింద మీసం ఉంటే ఒక్కో వెంట్రుకా ఒక్కో పంటకాలువగా మారి, ఐదు నిమిషాల్లో ముక్కు దాకా ఆయకట్టు తడుస్తుంది. దీనికి ముక్కు కింద సన్నని గట్టులా గొరిగించుకోవడమో, లేదా మెలివేయడానికి పెంచుకున్న మీసానికి దట్టంగా వాజిలైన్ పూయడమో తప్ప మూడో దారి లేదు. అద్దం లోపల ఆవిరి పట్టకుండా ఉమ్మి రాయాలన్నది మరో విధి. ఖరీదైన మందులు దొరుకుతున్నా అనుభవజ్ఞులు ఉమ్మినే నమ్ముతారు, ఏకాకికి ఈ విషయంలో సిగ్గుపడవలసిన పని కూడా లేదు.

ఇన్ని ఏర్పాట్లతో నీటిలో ముఖం పెట్టిన ఏకాకి నావికుడు మొట్టమొదట చూసే జలాంతర్గత దృశ్యం పగడమూ కాదు, తాబేలూ కాదు, తన లంగరు. లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లు గొలుసు వదిలితే లాగుడు అడ్డంగా పడి లంగరు ఇసుకలోకి దిగుతుందని గ్రంథాలు చెబుతాయి. ఆ గొలుసు వెంటే ఈదుకుంటూ పోతే, చివర లంగరు పూర్తిగా పూడిపోయి పైన కాడ మాత్రమే కనిపించవచ్చు, లేదా మధ్యాహ్నం భోజనం చేసినవాడిలా పక్కకు ఒత్తిగిలి, తాను ఈడ్చుకుంటూ వచ్చిన దారిని ఇసుకలో నాగటిచాలులా చూపిస్తూ పడుకుని ఉండవచ్చు. చాలు పొడవు చూస్తే ఎంతసేపటినుంచి పడవ బయలుదేరే ప్రయత్నంలో ఉందో తెలుస్తుంది. అటుపైన ఎన్ని అద్భుతాలు కనిపించినా, చూసేవాడు నిమిషానికొకసారి తల పైకెత్తి పడవ వైపు చూస్తూనే ఉంటాడు.

అద్భుతాలకు లోటు లేదు. స్టానియల్ కీ దగ్గర లోపల డొల్లగా ఉన్న సున్నపురాతి దీవి ఒకటి ఉంది. 1965లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం ‘థండర్‌బాల్’ అక్కడ తీయడంతో ఆ గుహకు ఆ పేరే స్థిరపడింది. పైకప్పు రంధ్రాల్లోంచి ఎండ పట్టెలు పట్టెలుగా నీటిలోకి దిగుతుంది, పసుపు మీద నల్లచారల సార్జెంట్ మేజర్ చేపలు పెళ్ళి పంక్తిలో రెండో బంతికి కాచుకున్న పిల్లల్లా చుట్టూ మూగుతాయి. ఆటు పూర్తయి పోటు మొదలయ్యే ముందు నీరు నిలకడగా ఉండే కాసేపట్లో తల మునగకుండా లోపలికి పోవచ్చు, వేళ తప్పితే ద్వారాలు మునిగిపోతాయి, ప్రవాహం మనిషిని ఈడుస్తుంది. సినిమాలో కథానాయకుడిని కప్పు రంధ్రంలోంచి హెలికాప్టరు తీసుకుపోతుంది. ఏకాకి ప్రేక్షకుడు వచ్చిన దారినే, కాళ్ళకు రాళ్ళు గీరుకుంటూ తిరిగిపోతాడు.

నార్మన్స్ కీ దగ్గర లోతులేని నీటిలో ఒక కర్టిస్ సి-46 రవాణా విమానం పడి ఉంది. 1970ల చివర్లో మెడెయిన్ ముఠాకు చెందిన కార్లోస్ లేడర్ ఆ దీవిని కొకైన్ రవాణాకు అడ్డాగా మార్చుకున్న కాలపు జ్ఞాపకం అది. ఇంకా దక్షిణాన రడ్డర్ కట్ కీ పక్కన, సుమారు పదిహేను అడుగుల లోతున, లోహపు పియానో ఒకటి, దాని ముందు కూర్చున్న మత్స్యకన్య ఒకతె కనిపిస్తారు. పొరుగున ఉన్న ముషా కీ ఇంద్రజాలికుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌ది. మనుషులతో, వస్తువులతో విసిగి సముద్రం మీదికి వచ్చినవాడు విమానాన్నీ పియానోనూ చూడటానికి రోజుల తరబడి తెరచాప లాగుతాడన్నది ఆలోచిస్తే కాస్త విడ్డూరమే. అదే విమానపు తుక్కు ఊరి శివార్లలో ఉంటే పాతసామాను బండివాడు తప్ప మరొకడు తొంగిచూడడు; కాసిని నీళ్ళు కప్పగానే అది దర్శనీయ క్షేత్రం అవుతుంది.

పియానో దగ్గర మత్స్యకన్య పక్కన కూర్చుని ఫోటో తీయించుకోవడం ఆచారం, తీసేవాడు ఉండకపోవడం ఏకాకి కర్మ. కెమెరాను ఇసుకలో నిలబెట్టి, పది సెకన్ల గడువు పెట్టి, గుండెల నిండా గాలితో బల్ల మీదికి చేరినవాడికి, మనిషి కూడా ఒక రకం బెండేనని అప్పుడు బోధపడుతుంది. చిత్రంలో చివరకు మిగిలేది నిర్వికారంగా కూర్చున్న మత్స్యకన్య, ఆమె తల మీదుగా పైకి తేలిపోతున్న రెండు పాదాలు.

బిగ్ మేజర్ కీలో చూడవలసినవి నీటి అడుగున కాక నీటి పైనే ఉంటాయి. అక్కడి పందులు పడవ చప్పుడు వినగానే ఒడ్డు నుంచి ఈదుకుంటూ ఎదురొస్తాయి. భూమిని ఉద్ధరించడానికి సముద్రంలోకి దిగిన ఆదివరాహం వంశం రొట్టెముక్క కోసం దిగే స్థాయికి వచ్చిందని పురాణ పరిజ్ఞానం ఉన్నవారు బాధపడవచ్చు గానీ, ముందరి గిట్టలను గాలి నింపిన రబ్బరు తోడుపడవ మీద మోపే పందిని చూసినవాడు వంశగౌరవం గురించి కాక, ఆ పడవకు ఎన్ని అతుకులు వేయవలసి వస్తుందోనని ఆలోచిస్తాడు.

1958లో ఏర్పడిన ఎక్సూమా కీస్ సంరక్షిత వనంలో గవ్వ కూడా తీసుకుపోకూడదు. అయితే వార్డెరిక్ వెల్స్ దీవిలోని బూబూ కొండ మీద మాత్రం, కొట్టుకువచ్చిన చెక్కపేళ్ళ మీద పడవ పేరు రాసి వదిలే సంప్రదాయం ఉంది. కోట గోడల మీద పేర్లు చెక్కే అలవాటు తెలుగునాట మాత్రమే ఉందని నొచ్చుకునేవారికి ఆ కట్టెల గుట్ట కొంత ఊరట.

వరుస చివర జార్జ్ టౌన్ రేవు వస్తుంది. కరీబియన్ దాకా పోతామని బయలుదేరిన అనేకులు ఎదురుగాలిని తలచుకుని ఇక్కడినుంచే వెనక్కు తిరగడం వల్ల దీనికి నావికుల్లో ‘కోళ్ళ రేవు’ అని పేరు. ఇంగ్లీషులో కోడి అంటే పిరికివాడు. భీమవరం పరిసరాల్లో కోడి శౌర్యానికి ప్రతీక గనుక అటువారు ఈ పేరును బిరుదుగా పొరబడే అవకాశం ఉంది. శీతకాలంలో వందలాది పడవలు ఇక్కడ లంగరేస్తాయి, ఎదుటి స్టాకింగ్ దీవి ఇసుకలో సాయంత్రాలు వాలీబాల్ జరుగుతుంది. వారాల తరబడి తనతో తానే పోట్లాడుకుని అలసిన ఏకాకి అక్కడ చెట్టుకింద బల్ల మీద కూర్చుని, గుహలో తాను చూసిన చేప ఇంత ఉందని రెండు చేతులూ చాపుతాడు. చుట్టూ ఉన్నవారు కూడా అలాంటి అద్దపు తొడుగుల్లోంచి చూసి వచ్చినవారే కావడంతో, మాటకు అడ్డు చెప్పకుండా వింటూ, మనసులోనే పావువంతు కొట్టేసుకుంటారు.