మా వైపు అంతా బాగానే ఉంది

"మా వైపు అంతా బాగానే ఉంది సార్."

తొమ్మిది రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. చివరికి అవతలి అమ్మాయి "మా" అనగానే మిగతాది నేనే పూర్తి చేసేవాణ్ణి. నెట్ కంపెనీ వైపు బాగానే ఉంది. మదర్‌బోర్డు అమ్మిన కుర్రాడి వైపు బాగానే ఉంది. కేబుల్ కోసిచ్చిన కొట్టాయన వైపు భేషుగ్గా ఉంది. ఇంతమంది వైపు బాగున్నాక చెడింది ఎవరి వైపో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. అయినా ఎవరూ ఆ మాట మొహం మీద అనరు. "ఒకసారి చెక్ చేసుకోండి సార్" అంటారు. తిట్టినా బాగుండేది.

అరవై నాలుగేళ్ల వయసులో కంప్యూటర్ సొంతంగా బిగించుకోవాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందని మా ఆవిడ అడిగింది. జవాబు ఇంకా వెతుకుతున్నాను. సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు కొట్లు తిరిగి సామాను కొన్నాను. వీడియోలు చూసి బిగించాను. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, లోపల వినాయక మండపంలా రంగురంగుల లైట్లు వెలిగాయి. మా ఆవిడ కూడా వచ్చి చూసి, "బాగుంది, హారతి ఎప్పుడు?" అంది. అక్కడితో ఆపేసి ఉంటే ఇప్పటికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

విండోస్ 11 ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోయి, ముందు ఇంటర్నెట్ కలపమంది. కలిపాను. ఎక్కడ కలిపావు, నాకేం కనబడటం లేదే అంది. ల్యాన్ పోర్టు ఉంది, అందులో తీగ ఉంది, ఆ పోర్టును నడిపే డ్రైవర్ మాత్రం విండోస్ దగ్గర లేదు. డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? ఇంటర్నెట్‌లో. ఇంటర్నెట్ ఎప్పుడొస్తుంది? డ్రైవర్ ఎక్కాక. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అంటే ఏమిటో ఆ రోజు పూర్తిగా అర్థమైంది. వెనకటికి బోర్డు డబ్బాలోనే ఒక సీడీ పడేసేవారు. ఇప్పుడు సీడీ లేదు, ఉన్నా దాన్ని దూర్చడానికి కేసుకు నోరు లేదు. ఆఖరికి సెల్‌ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి, దాని డేటా అరువు తెచ్చి, డ్రైవర్ దించాను. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రిభుజం మాయమైంది.

ఇక నెట్ రావాలి. రాలేదు.

పోర్టు దగ్గర చిన్న లైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. ఐపీ అడ్రస్ చూస్తే 169.254తో మొదలైంది. రౌటర్ నంబరు ఇవ్వకపోతే కంప్యూటర్ తనకు తానే పెట్టుకునే నంబరు అది. ఎవరూ సన్మానం చేయకపోతే మనమే శాలువా కొనుక్కుని కప్పుకున్నట్టు. దాంతో ఊళ్లో పరువేమీ ఉండదు. ఇంట్లో ఫోన్లన్నీ వైఫై మీద సినిమాలు చూస్తున్నాయి. కాబట్టి ఆ అమ్మాయి చెప్పేది నిజమే, వాళ్ల వైపు బాగానే ఉంది.

మిగిలింది కేబులు. హాల్లో రౌటర్ నుంచి వెనక గదిలోని బల్ల దాకా, గోడ వెంట తిప్పుకుని, 25 మీటర్లు. దాని మీద నాకు లేశమైనా అనుమానం లేదు. కారణం, దానికి రెండు కొసలా ప్లగ్గులు బిగించింది నేను. నేనంటే ఎవరనుకున్నారు? టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఒక్క ఏళ్లు తీగలతో కాపురం చేసినవాణ్ణి.

ఇక్కడ మీకు మా రంగుల సంగతి చెప్పాలి. చెప్పకపోయినా కథ నడుస్తుంది, కానీ చెప్తాను. టెలిఫోన్ కేబుల్లో తీగలు జతలుగా ఉంటాయి. పెద్ద వరస రంగులు ఐదు: తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా. చిన్న వరస ఐదు: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. అయిదు అయిదులు 25 జతలు. తెలుపు-నీలం ఒకటో జత, తెలుపు-నారింజ రెండు, అలా ఊదా-బూడిద 25. ట్రైనింగులో దీన్ని ఎక్కాల్లాగా బట్టీ వేయించారు. రోడ్డు పక్క గోతిలో దిగి, మోచేతుల దాకా కేబుల్ జెల్లీ పూసుకుని, గొడుగు కింద టార్చిలైటు పట్టుకుని జాయింటు వేసేటప్పుడు నోట్లో ఇదే పారాయణ. ఆ జెల్లీ కిరసనాయిలుతో కడిగితే పోయేది గాని, ఈ రంగులు పోలేదు.

బజార్లో నడిచినా, గుడికి వెళ్లినా జతలే. ఎర్రచీరకు నారింజ అంచు కనబడితే ఏడు. వంకాయ రంగుకు నీలం అంచయితే 21. పెళ్లిళ్లలో 11 నుంచి 15 దాకా ఎప్పుడూ ఖాళీ, శుభకార్యానికి నల్లచీర ఎవరు కడతారు? నా పెళ్లిలో మధుపర్కాలు చూసి నాకు చెమటలు పట్టాయి. తెలుపుకు ఎరుపు అంచు. రెండూ పెద్ద వరస రంగులే, ఆ జత మా కోడ్‌లోనే లేదు! లేని కనెక్షన్‌కు మూడు ముళ్లు వేయిస్తున్నారేమిట్రా అని పీటల మీద బిత్తరపోయి కూర్చున్నాను. మర్నాడు సత్యనారాయణ వ్రతానికి ఆవిడ పసుపు పట్టుచీర, ఆకుపచ్చ అంచుతో వచ్చింది. "పద్దెనిమిది" అన్నాను, ప్రాణం కుదుటపడి. తన వయసు చెబుతున్నానని సిగ్గుపడిందట పాపం. అసలు సంగతి తెలిసి ఇప్పటికి ముప్పై ఆరేళ్లు. "ఆ వేళే లైన్ చెక్ చేసుకోవాల్సింది" అంటుంది, వీలు దొరికినప్పుడల్లా.

అంతటివాణ్ణి, ఎనిమిది తీగల ల్యాన్ కేబుల్ చేతికిస్తే ఒకరిని అడుగుతానా? చూస్తే అవే నాలుగు జతలు: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. చిన్ననాటి స్నేహితులు ఎదురైనంత సంబరం. వరసగా 1-2 నీలం, 3-4 నారింజ, 5-6 ఆకుపచ్చ, 7-8 గోధుమ. రెండో కొసా అచ్చంగా అలాగే. క్రింపింగ్ టూల్ ఒక్క నొక్కు. టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు కార్తీక పౌర్ణమిలా వరసగా వెలిగాయి. కేబుల్ బంగారం.

అందువల్ల మిగతావన్నీ విప్పాను. విండోస్ రెండుసార్లు తీసి ఎక్కించాను. రౌటర్‌లో నాలుగు పోర్టులూ మార్చాను. ఫైర్‌వాల్ ఆపాను. రౌటర్ ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ వేశాను. మా ఆవిడ గుమ్మడికాయ కట్టించమంది. లోపం ఉందని బోర్డు మార్చుకోవడానికి సీటీసీకి వెళితే, ఆ కుర్రాడు తన చిన్న తీగ తగిలించాడు. క్షణంలో నెట్ వచ్చింది. "మా వైపు బాగానే ఉంది అంకుల్" అన్నాడు. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు, మా ఇంట్లో కరెంటును అనుమానించాను.

తొమ్మిదో రోజు పై వాటాలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు కొరియర్ ఇవ్వడానికి వచ్చి, బల్ల మీద ప్లగ్గు చూశాడు. ఆ ప్లగ్గులు అద్దంలాంటివి, లోపలి రంగులు బయటికే కనబడతాయి. పెదవి బిగబట్టి, "అంకుల్, ఇదెవరు కట్టారు?" అన్నాడు.

అసలు వరస ఇదట: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ దంపతులు మూడులో ఒకరు, ఆరులో ఒకరు. మధ్యలో నీలం జంట, బస్సులో కొత్త పెళ్లికొడుకుకూ పెళ్లికూతురికీ మధ్య ఇరుక్కున్న మేనత్తలా. తీగల్ని జతగా మెలివేసేది ముస్తాబుకు కాదు. పెనవేసుకుని ఉంటే బయటి రొద రెండింటి మీదా సమానంగా పడి, అవతలి కొసలో చెల్లుకుచెల్లు అయిపోతుంది. 3, 6 పిన్నులు ఒకే జతకు చెందాలి. నా లెక్కలో మూడులో నారింజ వారి మనిషి, ఆరులో ఆకుపచ్చ వారి మనిషి. ఒకరి సంసారంలో ఒకరు. ఆ గోలలో మాట వినబడదు. టెస్టర్‌కు తీగ తెగిందా లేదా అన్నదే తెలుసు, ఎవరితో ఎవరు మెలిపడ్డారో దానికేం తెలుసు?

మరి నీలాన్ని నడిమధ్య ఎందుకు కూర్చోబెట్టారు? ఆ 4, 5 స్థానాలు టెలిఫోన్ కోసం అట్టిపెట్టినవట. పాత ఫోను ప్లగ్గులో లైను నడిమి పిన్నుల్లోనే ఉండేది. ఆ మర్యాద కొద్దీ కంప్యూటర్ వాళ్లు పక్కకు జరిగి కూర్చున్నారు. నా వృత్తికి వేసిన పీట అది. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవంతో దాన్ని తన్నేసింది నేను.

కుర్రాడు రెండు ప్లగ్గులూ కోసి కొత్తవి వేశాడు. అయిదు నిమిషాలు. నెట్ వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోనసీమలో ఒక చిన్న ఊళ్లో పనిచేసేటప్పుడు ఒక రిటైర్డు మాస్టారు రోజూ ఎక్స్ఛేంజీకి వచ్చేవారు. ఫోను పలకడం లేదు బాబూ అని. కొడుకు మస్కట్లో ఉండేవాడు, ఆదివారాలు చేసేవాడు. నేను కుర్చీలోంచి లేవకుండా, "ఎండీఎఫ్ నుంచి టెస్ట్ చేశామండీ, మా వైపు అంతా బాగానే ఉంది, మీ ఇంట్లో వైరింగ్ చూపించుకోండి" అనేవాణ్ణి. ఆయన నమ్మి, మనిషిని పిలిచి, డబ్బు పెట్టి ఇంట్లో తీగంతా కొత్తది వేయించారు. రెండు ఆదివారాలు పోయాక చూస్తే, తప్పు వీధి చివర మా డీపీ బాక్సులో, చిలుమెక్కిన ఒక జతలో. బాగుచేయించాను. సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన వచ్చి రెండు చేతులూ జోడించి, శ్రమ ఇచ్చానన్నారు. పరవాలేదండీ అన్నాను.

పొద్దున్నే నెట్ కంపెనీ నుంచి ఫోను. "సార్, మీ కంప్లయింట్ క్లోజ్ చేయొచ్చా? ప్రాబ్లమ్ ఎక్కడుందండీ?"

పాత మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తప్పు మా వైపే అమ్మా" అన్నాను. ఈ ముక్క అనడానికి నాకు ఒక ఉద్యోగమంత కాలం పట్టింది.

"అది మొదటి రోజే రాసేశాం సార్" అంది.